ఫిట్టర్ అప్రెంటిస్ ప్రాక్టికల్ పరీక్ష: మార్కులు ఎక్కడ వస్తాయి, ఎక్కడ పోతాయి

మీ ప్రశ్న సారాంశం ఇది: రెండేళ్ల ఐటీఐ ఫిట్టర్ అయ్యాక ఒక ప్లాంటులో మెయింటెనెన్సు విభాగంలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేస్తున్నారు. ఏడాదంతా పంపులు, గేర్‌బాక్సులు, కప్లింగుల పనే. ఫైలు (లోహాన్ని అరగదీసే ఆకురాయి) పట్టి చాలా కాలమైంది. ఆల్ ఇండియా ట్రేడ్ టెస్టుకు ఆరు వారాలుంది. ప్రాక్టికల్‌కు, వైవాకు (నోటి పరీక్షకు) ఎలా తయారవ్వాలి?

స్టీల్ ప్లాంటులో చేసినా, రైల్వే వర్క్‌షాపులో చేసినా, సింగరేణిలో చేసినా మెయింటెనెన్సు వైపు పడ్డ అప్రెంటిస్ పరిస్థితి దాదాపు ఇదే. ప్లాంటులో మీ విలువ బ్రేక్‌డౌన్ ఎంత త్వరగా తీర్చారన్న దాని మీద ఉంటుంది. పరీక్షలో మాత్రం ఒక డ్రాయింగు, రెండు మైల్డ్ స్టీలు ముక్కలు ఇచ్చి వందో వంతు మిల్లీమీటర్లలో మాట్లాడమంటారు. చెయ్యి తిరగకపోవడం వల్ల పోయే మార్కుల కన్నా పని వరస తప్పడం వల్ల పోయేవే ఎక్కువ. ఏ అంచు ముందు, ఏది తర్వాత, ఏ కొలత ఎక్కడి నుంచి తీయాలి అన్నది తెలిస్తే మామూలు చేతి నేర్పు ఉన్నవాళ్లు కూడా మంచి ఫిట్టింగు (ఒకదానిలో ఒకటి దిగే రెండు ముక్కల జోడు) తీయగలరు. ఆరు వారాలు అందుకు సరిపోతాయి. సర్టిఫికెట్టు మీద పడే మార్కులు చాలాకాలం మీ వెంట వస్తాయి కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

ముందు పనిముట్లు. 300 మి.మీ. ఫ్లాట్ బాస్టర్డ్ (ముతక పళ్లది), 250 సెకండ్ కట్ (మధ్యరకం), 200 స్మూత్ (సన్నటి పళ్లది), ఒక 150 స్మూత్, ఒక చదరపు ఫైలు, ఒక ముక్కోణపు ఫైలు ఉండాలి. వీటిలో కనీసం ఒక స్మూత్ ఫైలుకు సేఫ్ ఎడ్జ్, అంటే పళ్లు లేని పక్క, ఉండాలి. అది లేకుండా లోపలి మూల తీయబోతే ఒక ముఖం అరగదీస్తుంటే పక్క ముఖం కూడా అరిగిపోతుంది, కొలతకు తెచ్చిన గోడ చేతులారా పాడవుతుంది. ఫైలుకు పిడి బిగుతుగా ఉండాలి. పిడి లేని ఫైలు వాడితే దాని తోక అరచేతిలో దిగుతుంది, పైగా పరీక్ష చేసేవారు భద్రత మార్కులు అక్కడే తీసేస్తారు. ఫైలు కార్డు (ఫైలు పళ్లు శుభ్రం చేసే తీగ బ్రష్షు), సుద్దముక్క మరిచిపోవద్దు. ఫైలు పళ్లలో ఇరుక్కున్న లోహపు రజను నున్నగా వచ్చిన ముఖం మీద లోతైన గీతలు పెడుతుంది. ఫినిషింగుకు ముందు పళ్లకు సుద్ద రాస్తే రజను ఇరుక్కోవడం బాగా తగ్గుతుంది.

కొత్త ఫైలును నల్ల పొలుసున్న హాట్ రోల్డ్ ముక్క మీద మొదట పెట్టకండి. ఆ పొలుసు గట్టిది, కొత్త పళ్ల పదును నిమిషాల్లో పోతుంది. పొలుసు పోయేదాకా పాత ఫైలు, తర్వాతే కొత్తది.

ట్రై స్క్వేరు నిజంగా 90 డిగ్రీలు చూపిస్తోందో లేదో ముందే పరీక్షించండి. సరళంగా ఉన్న అంచుకు ఆనించి ఒక గీత గీయండి, స్క్వేరును బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ ఒకదానిమీద ఒకటి పడితే మంచిది, విడిపోతే ఆ స్క్వేరు పరీక్షకు పనికిరాదు. వెర్నియర్ దవడలు మూసి సున్నా కలుస్తోందా, మూసిన దవడల మధ్య వెలుతురు కనిపిస్తోందా చూడండి. మైక్రోమీటర్లు 0–25, 25–50 రెండూ సెంటర్లో ఉంటాయా అని ముందురోజే కనుక్కోండి. అక్కడివి వాడాల్సి వస్తే మొదటి పని సున్నా దోషం చూసి కాగితం మీద రాసుకోవడం. ఇతరుల మైక్రోమీటరును నమ్మి 0.03 తేడాతో జాబంతా, అంటే పరీక్షకిచ్చిన పనంతా, చేసేవాళ్లున్నారు. వాళ్ల కొలతలన్నీ ఒకే వైపు తప్పుతాయి, ఎందుకో వాళ్లకు అర్థం కాదు.

ఇక జాబు. డ్రాయింగు ఏదైనా రావచ్చు: చదరపు ఫిట్టింగు, టీ, డవ్‌టెయిల్, వీ. అన్నింటికీ తర్కం ఒకటే కనుక ఒక చదరపు ఫిట్టింగును పూర్తిగా తీసుకుందాం. మేల్ పీసు (లోపలికి దూరే ముక్క) 50 వెడల్పు, 40 ఎత్తు. అందులో కింద 20 మి.మీ. శరీరం, పైన మధ్యలో 20 వెడల్పు, 20 ఎత్తు నాలుక. ఫీమేల్ పీసు (దాన్ని తనలోకి తీసుకునే ముక్క) 50 × 40, పై అంచు నుంచి మధ్యలో 20 వెడల్పు, 20 లోతు గాడి. రెండూ కలిస్తే 50 × 60. ఇచ్చిన ముక్కలు 52 × 42 × 10 అనుకుందాం.

ముక్కలు చేతికి రాగానే రంపం ఎత్తకండి. ముందు కొలవండి. డ్రాయింగులో ఉన్న కొలత ఆ ముక్కలో నుంచి వస్తుందా, మూలలు విరిగాయా, వంగి ఉందా చూడండి. తేడా ఉంటే అప్పుడే చెప్పి ముక్క మార్పించుకోవచ్చు. ఒక గంట గడిచాక చెబితే ఎవరూ వినరు.

మొదట ఒక పెద్ద ముఖం చదును చేయండి. తర్వాత దానికి లంబంగా ఒక పొడవాటి అంచు, ఆ రెండింటికీ లంబంగా పక్క అంచు. ఈ మూడే మీ డేటమ్‌లు. మిగతా కొలతలన్నీ వీటి నుంచే పుడతాయి కాబట్టి ఇక్కడ పదిహేను నిమిషాలు ఎక్కువ పట్టినా పరవాలేదు. ఈ అంచుల్లో 0.05 వంపు ఉంటే అది తర్వాత ప్రతి కొలతలోనూ దూరుతుంది.

ఫైలింగులో అందరికీ వచ్చే తప్పు ముఖం మధ్యలో ఉబ్బడం. ఫైలు ముందుకు వెళ్లేకొద్దీ ముందు చెయ్యి ఒత్తిడి తగ్గి వెనక చెయ్యి ఒత్తిడి పెరగాలి, లేదంటే అది తక్కెడలా ఊగుతుంది: మొదట్లో ఇవతలి అంచు, చివర్లో అవతలి అంచు కిందికి పోతాయి. వైస్ ఎత్తు మోచేతి మట్టానికి ఉంటే ఊగడం తగ్గుతుంది. వైస్ పొట్టిగా ఉంటే మీరు వంగుతారు, ఎత్తుగా ఉంటే భుజం లేస్తుంది, రెండింట్లోనూ ఫైలు మట్టంగా నడవదు. ఐదారు దెబ్బలకొకసారి దిశ మార్చి అడ్డంగా అరగదీస్తే కొత్త గీతలు ఎక్కడ పడుతున్నాయో కనిపిస్తుంది, ఎత్తు ఉన్నది అక్కడే. ఆఖర్న స్మూత్ ఫైలుతో డ్రా ఫైలింగు (ఫైలును అడ్డంగా పట్టుకుని ముఖం వెంట జరపడం). మామూలు ఫైలింగులో వెనక్కి లాగేటప్పుడు ఫైలు మీద బరువు వేయకండి, పళ్లు అరగడం తప్ప ఏమీ కోయదు.

ఫినిష్ చేసిన ముఖాన్ని వైస్‌లో నేరుగా బిగిస్తే దవడల పళ్ల గుర్తులు పడతాయి. అల్యూమినియం లేదా రాగి రేకును దవడలకు తొడగండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఫినిషింగు మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

మార్కింగుకు కాపర్ సల్ఫేటు పలచగా పూసి ఆరనివ్వండి. అది విషం కనుక చేతులు కడుక్కోవాలి. సర్ఫేస్ ప్లేటు మీద యాంగిల్ ప్లేటుకు ఆనించి వెర్నియర్ హైట్ గేజితో డేటమ్ నుంచే గీతలన్నీ వేయండి. ఒక గీత నుంచి ఇంకో గీతకు కొలిచి వేస్తే తప్పులు కూడుతూ పోతాయి. గీత మీద డాట్ పంచితో సన్నటి చుక్కలు పెట్టండి. అరగదీశాక సగం చుక్క మిగిలితే మీరు గీత దగ్గరికి వచ్చినట్టు. రంధ్రాల కేంద్రాలకు మాత్రం 90 డిగ్రీల సెంటర్ పంచి.

మేల్ పీసే ముందు పూర్తి చేయాలి. బయటి ముఖాలను కొలవడం సులువు, గాడి లోపల కొలవడం కష్టం. సులువుగా కొలవగలిగిన దాన్ని కచ్చితంగా తెచ్చి, దాన్నే గేజిగా వాడి గాడిని సరిచేయాలి. రెండూ సమాంతరంగా మొదలుపెట్టినవాళ్లకు ఆఖర్న ఏ ముక్క తప్పిందో తెలియక రెండింటినీ అరగదీస్తారు, గ్యాపు పెరుగుతూ పోతుంది.

మేల్ పీసులో కీలకమైనది నాలుక సరిగ్గా మధ్యలో ఉండటం. ఇందుకు రెండు పక్కల భుజాలనూ ఒకేసారి కోయకండి. ముందు లోపలి మూలల్లో 3 మి.మీ. రిలీఫ్ రంధ్రాలు వేయండి. ఫీమేల్ మూల వచ్చి ఆనడానికి చోటు అదే. తర్వాత ఒక భుజం మాత్రమే కోసి, ఎదుటి బయటి అంచు నుంచి నాలుక ముఖం దాకా 35.00 వచ్చేవరకు అరగదీయండి. బయటి అంచు చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి 25–50 మైక్రోమీటరుతో హాయిగా కొలవచ్చు. ఇది తేలాకే రెండో భుజం కోయండి. మొదటి భుజం వైపు బయటి అంచు నాలుక ఎత్తులో ఇప్పుడు లేదు కాబట్టి నాలుక వెడల్పునే 0–25 మైక్రోమీటరుతో 20.00కు తెండి. 50 లోంచి 35 పోతే ఒక పక్క 15, 35 లోంచి 20 పోతే రెండో పక్క 15. నాలుక వెడల్పూ వచ్చింది, మధ్యలోనూ పడింది. ముక్క వెడల్పు నిజంగా 50.00 కాక 49.94 వచ్చిందనుకోండి. అప్పుడు మీ లక్ష్యం 35 కాదు: 49.94కు 20 కలిపి రెండుతో భాగిస్తే 34.97. ఈ చిన్న లెక్క వేయకుండా డ్రాయింగులో ఉన్న అంకె పట్టుకు వేలాడితే నాలుక మధ్యలోంచి 0.03 పక్కకు జరుగుతుంది.

భుజాల ఎత్తు కింది అంచు నుంచి 20. రెండు భుజాలనూ 0–25 మైక్రోమీటరుతో మూడేసి చోట్ల చూడండి. ఒక భుజం 0.04 ఎత్తుగా ఉంటే జోడించాక ఆ ఒక్కటే ఆని రెండో వైపు వెలుతురు కనిపిస్తుంది.

కోత గురించి ఒక మాట. రంపం బ్లేడు పళ్లు ముందుకు చూడాలి, బిగుతు సరిపోవాలి. వదులు బ్లేడు వంకర పోతుంది, అతి బిగుతు బ్లేడు విరుగుతుంది. 10 మి.మీ. మైల్డ్ స్టీలుకు 1.8 లేదా 1.4 మి.మీ. పిచ్ సరిపోతుంది. కోత మధ్యలో బ్లేడు విరిగితే కొత్త బ్లేడును అదే గాడిలో దూర్చకండి. పాత బ్లేడు పళ్ల వెడల్పు అరిగి ఉంటుంది కాబట్టి గాడి సన్నగా ఉంటుంది, కొత్తది ఇరుక్కుని మళ్లీ విరుగుతుంది. అవతలి వైపు నుంచి కోత మొదలుపెట్టండి.

ఫీమేల్ పీసులో మొదట అడుగు మూలల్లో 3 మి.మీ. రిలీఫ్ రంధ్రాలు. తర్వాత అడుగు గీత వెంట చెయిన్ డ్రిల్లింగు (వరసగా దగ్గర దగ్గర రంధ్రాలు వేయడం). 5 మి.మీ. బిట్టు వాడితే కేంద్రాల గీత అడుగు గీతకు 3.5 మి.మీ. పైన ఉండాలి: బిట్టు సగం 2.5, ఫైలింగుకు 1. కేంద్రాల మధ్య దూరం 5.5 పెడితే రంధ్రాల మధ్య అర మిల్లీమీటరు గోడ మిగులుతుంది. మూడు రంధ్రాలు చాలు, అవి 16 మి.మీ. ఆక్రమిస్తాయి. దూరం 5 పెడితే బిట్టు పక్క రంధ్రంలోకి జారి విరుగుతుంది. ఇప్పుడు రెండు పక్కల గీతలకు 1 మి.మీ. లోపల రంపంతో కోస్తే కోతలు రెండూ చివరి రంధ్రాల్లోకి దిగుతాయి. మధ్య ముక్కను వెబ్ చిజెల్‌తో రెండు వైపుల నుంచీ కొట్టి తీయండి. ఒక వైపే కొడితే అవతలి వైపు అంచు చిట్లి గీత దాటి పోతుంది.

గాడిలో ముందు అడుగు, తర్వాత ఒక గోడ, ఆఖర్న రెండో గోడ. అడుగును కింది అంచు నుంచి 20.00కు తెండి. మొదటి గోడ మందం బయటి అంచు నుంచి కొలవాలి. ముక్క వెడల్పులోంచి మేల్ నాలుక నిజమైన కొలత తీసేసి రెండుతో భాగించండి. ఫీమేల్ 50.00, నాలుక 19.96 అయితే గోడ 15.02. డ్రాయింగులో 15 ఉంది కదా అని 15.00 చేస్తే రెండో గోడ కూడా 15.00 అయ్యాక గాడి 20.00 అవుతుంది, నాలుక 0.04 లూజు. రెండో గోడకు ఇక మైక్రోమీటరు కన్నా మేల్ పీసే గేజి.

ఇక్కడ తొందరపడితే మొత్తం పోతుంది. రెండో గోడకు 0.1 మిగిలినప్పటి నుంచి స్మూత్ ఫైలే, ఒకసారికి రెండు మూడు దెబ్బలే. నాలుకకు ప్రష్యన్ బ్లూ పలచగా, వేలితో తుడిచేసినట్టు పూసి, గాడి నోట్లో పెట్టి చేత్తోనే నొక్కి తీయండి. గోడ మీద నీలం ఎక్కడ అంటిందో అదే ఎత్తు, అక్కడ మాత్రమే అరగదీయండి. బ్లూ చిక్కగా పూస్తే అన్నిచోట్లా అంటి ఏమీ చెప్పదు. సుత్తితో కొట్టి దూర్చొద్దు. కొడితే లోహం లోహాన్ని చీరుతుంది, నున్నటి గోడల మీద గీతలు పడతాయి, ఇరుక్కుంటే బయటికి తీయడం ఇంకో గండం. నాలుక దూరకపోతే మొదటి అనుమానం కొలత మీద కాదు, బర్ (కోత అంచున లేచి నిలిచిన లోహపు ముల్లు) మీద పెట్టుకోండి. అంచున మిగిలిన సన్నటి బర్ ఒక్కటి చాలు టైటుగా అనిపించడానికి. అది తీయకుండా గోడ అరగదీస్తే, తర్వాత బర్ రాలిపోయి జాబు లూజైపోతుంది.

మేల్ పీసు ఒకవైపు దిగాక తిప్పి దూర్చండి. పరీక్ష చేసేవారు తప్పక చేసే పని ఇది. రెండు ముక్కల్లోనూ మధ్య గీత ఒకే వైపుకు 0.05 జరిగి ఉంటే మామూలుగా పెట్టినప్పుడు బయటి అంచులు చక్కగా కలుస్తాయి, తిప్పితే 0.10 మెట్టు పైకి తేలుతుంది. అంచు మీద గోరు పెట్టి లాగితే తెలిసిపోతుంది. తర్వాత ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి వెలుతురు చూడండి. వెలుతురు కనిపించిన చోట ఫీలర్ గేజిలో 0.05 ఆకు దూరుతుందేమో చూసుకోండి. మార్కులు ఆ ఆకు దూరడం, దూరకపోవడం మీదే ఆధారపడతాయి.

డ్రాయింగులో ఎం8 ట్యాపింగు (8 మి.మీ. బోల్టుకు రంధ్రంలో మరలు కోయడం) ఉంటే డ్రిల్లు 6.8. బోల్టు సైజులోంచి పిచ్ తీసేయాలి: 8 లోంచి 1.25 పోతే 6.75, దొరికే బిట్టు 6.8. ఎం6కు 5, ఎం10కు 8.5. ముందు 3 మి.మీ. పైలట్, తర్వాత అసలు బిట్టు. మైల్డ్ స్టీలుకు హైస్పీడ్ స్టీల్ బిట్టుతో నిమిషానికి 25 మీటర్ల వేగం అనుకుంటే 6.8 బిట్టు దాదాపు 1,170 చుట్లు తిరగాలి. మెషీన్‌లో దానికి దగ్గరగా, కాస్త తక్కువగా ఉన్న వేగం పెట్టండి. ట్యాపింగుకు ముందు రంధ్రం నోరు చాంఫర్ చేయండి. మొదటి ట్యాపు రెండు మూడు చుట్లు పట్టుకున్నాక రెంచి తీసి ట్రై స్క్వేరుతో రెండు దిశల్లో నిలువు చూడండి. వంకర సరిచేసుకునే అవకాశం అప్పుడే. తర్వాత ప్రతి అర చుట్టుకూ పావు చుట్టు వెనక్కి తిప్పండి, రజను తెగుతుంది, నూనె వేస్తూ ఉండండి. ట్యాపు విరిగితే ఆ ముక్కను కాపాడుకోవడం పరీక్ష సమయంలో కుదరదు. కాబట్టి ట్యాపింగును ఫిట్టింగు అంతా అయ్యాక అలసిన చేతులతో కాకుండా మేల్ పూర్తయ్యాక మధ్యలో చేయడం నయం.

ఎనిమిది గంటలిచ్చారనుకుంటే డేటమ్‌లకు గంట, మార్కింగుకు అరగంట, మేల్‌కు రెండు గంటలు, డ్రిల్లింగు, ట్యాపింగుకు ముప్పావుగంట, ఫీమేల్‌కు రెండుంపావు, జోడించడానికి గంట, అంచులకు, తుడవడానికి అరగంట. డ్రిల్లింగు మెషీన్ దగ్గర క్యూ ఉంటుంది. మార్కింగు కాగానే రిలీఫ్, చెయిన్ రంధ్రాలన్నీ రెండు ముక్కలకూ ఒకేసారి వేసుకుంటే మళ్లీ మళ్లీ నిలబడక్కర్లేదు. గంట మిగిలినా ఫీమేల్ సగంలోనే ఉంటే కొలతల ఆశ కొంచెం వదిలి జోడు దిగేలా చూడండి. జోడు దిగని జాబు కన్నా కాస్త లూజుగా దిగిన జాబుకే ఎక్కువ మార్కులు.

ఆరు వారాల సాధన ఇలా పెట్టుకోండి. మొదటి రెండు వారాలు ఫిట్టింగు ఊసే వద్దు: ఏదో ఒక ముక్క తీసుకుని చదును, లంబం, సమాంతరం. రోజూ గంట చాలు. 50 మి.మీ. ముక్కను ఎదురెదురు అంచులు 0.04 లోపు సమాంతరంగా తేగలిగితే ముందుకెళ్లండి. తర్వాతి మూడు వారాల్లో వారానికొక ఫిట్టింగు, ఒకటి చదరపు, ఒకటి టీ, ఒకటి డవ్‌టెయిల్. చివరి వారంలో ఒక పూర్తి జాబును గడియారం పెట్టుకుని ఆపకుండా చేయండి. ముక్కలకు ప్లాంటు స్క్రాపు యార్డులో మైల్డ్ స్టీలు ఫ్లాట్లు అడగండి. అప్రెంటిస్ సాధనకు అని చెబితే ట్రైనింగు సెంటర్ వాళ్లు చాలాచోట్ల ఇప్పిస్తారు.

వైవాలో మీ ఏడాది ప్లాంటు పని పనికొచ్చేది ఇప్పుడే. లీస్ట్ కౌంటు (పరికరం చూపగల అతి చిన్న కొలత) తప్పకుండా అడుగుతారు. అంకె చెప్పి ఆగకండి, ఎలా వచ్చిందో చెప్పండి: వెర్నియర్ 50 భాగాలు మెయిన్ స్కేలు 49 మి.మీ.కి సమానం కాబట్టి ఒక భాగం 0.98, తేడా 0.02. మైక్రోమీటరులో పిచ్ 0.5, థింబుల్ మీద 50 భాగాలు, కాబట్టి 0.01. ఫిట్‌లు అడిగితే ఉదాహరణతో చెప్పండి. 20 మి.మీ. హెచ్7 (అనుమతించే కొలత హద్దుల గుర్తు) రంధ్రం 20.000 నుంచి 20.021, జి6 షాఫ్టు 19.980 నుంచి 19.993. అతి తక్కువ ఖాళీ 0.007, అతి ఎక్కువ 0.041, ఎప్పుడూ ఖాళీయే కాబట్టి క్లియరెన్సు ఫిట్. బేరింగు 6205 అంటే లోపలి వ్యాసం 25, చివరి రెండంకెలను 5తో గుణించాలి. కానీ 00, 01, 02, 03 లకు ఈ లెక్క కుదరదు, అవి 10, 12, 15, 17. షాఫ్టు మీద టైటుగా కూర్చునే బేరింగును ఎక్కించేటప్పుడు లోపలి రింగునే ఎందుకు నొక్కాలి అని అడిగితే, బయటి రింగును నొక్కితే ఆ బలమంతా గుండ్ల మీదుగా వెళ్లి ట్రాకుల మీద గుంటలు పడతాయని చెప్పండి. గ్లాండ్ ప్యాకింగ్ (పంపు షాఫ్టు చుట్టూ లీకు ఆపే తాడు) రింగుల అతుకులు ఒకదానికొకటి 90 డిగ్రీలు తప్పించి ఎందుకు పెడతారో, కప్లింగు అలైన్‌మెంటులో డయల్ గేజి ఎక్కడ ఆనిస్తారో మీరు రోజూ చేసే పనే. చేతులతో చూపిస్తూ చెప్పండి. తెలియని ప్రశ్న వస్తే ఊహించి చెప్పకుండా తెలియదని చెప్పి తర్వాతి ప్రశ్నకు పోండి.

జాబు ఇచ్చే ముందు బ్లూ అంతా తుడిచి, అంచుల బర్ తీసి, మీ నంబరు డ్రాయింగులో చూపిన చోటే పంచి చేయండి. నంబరు పంచి కొట్టినప్పుడు చుట్టూ లోహం లేస్తుంది. జోడు కలిసే ముఖాల మీద కొడితే అప్పటిదాకా దిగిన నాలుక ఇక దిగదు. పంచి కొట్టాక ఆ చోట స్మూత్ ఫైలుతో ఒక్కసారి తేలిగ్గా అరగదీసి, జోడు మళ్లీ ఒకసారి దించి చూసుకుని, పలచగా నూనె రాసి ఇవ్వండి.